యుద్ధానికి వెళ్లిన ఇంటివారు: మూడు భారతీయ స్మృతి రచనల పరిశీలన

వ్యాససంగ్రహం

రెండు ప్రపంచ యుద్ధాల్లో బ్రిటిష్ ఇండియా సైన్యంలో పనిచేసిన తమవారిని గురించి కుటుంబ సభ్యులు చేసిన రచనలను విమర్శకులు సాధారణంగా రెండు విధాలుగా చూస్తారు. ఒకటి చరిత్రకు ఉపకరించే ఆధారంగా, రెండు ఆత్మీయ నివాళిగా. ఈ రెండు దృష్టులూ రచనలోని ప్రధాన సమస్యను పట్టించుకోవు. పరాయి ప్రభుత్వం కోసం పోరాడిన మనిషిని తన ఇంటివాడిగా చెప్పుకొనేటప్పుడు, ఆ మనిషి సొంత అభిప్రాయానికి ఎంత చోటు దొరుకుతుందన్నది ఆ సమస్య. మోక్షదాదేవి బెంగాలీ గ్రంథం 'కల్యాణ్ ప్రదీప్' (1928), ముల్క్‌రాజ్ ఆనంద్ ఆంగ్ల నవల 'అక్రాస్ ది బ్లాక్ వాటర్స్' (1940), రఘు కర్నాడ్ ఆంగ్ల రచన 'ఫార్దెస్ట్ ఫీల్డ్' (2015) అనే మూడు రచనల ఆధారంగా ఈ సమస్యను పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: యుద్ధసాహిత్యం, కుటుంబ స్మృతి, వలస సైన్యం, ఉత్తరాలు, మౌనం, కల్పన.

1. ఉపోద్ఘాతం

మొదటి ప్రపంచ యుద్ధంలో (1914–1918) అవిభక్త భారతదేశం నుంచి 13 లక్షలకు పైగా సైనికులు, సహాయక సిబ్బంది పనిచేశారు. వారిలో 70 వేలకు పైగా మరణించారు. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి భారత సైన్యం సంఖ్య సుమారు 25 లక్షలకు చేరింది. ఇంతమంది పాల్గొన్న అనుభవానికి స్వాతంత్ర్యానంతర సాహిత్య చరిత్రల్లో దక్కిన చోటు చాలా తక్కువ. దానికి కారణం తెలిసిందే. జాతీయోద్యమ కథనంలో జైలుకు వెళ్లినవారికి స్పష్టమైన స్థానం ఉంది. జీతం తీసుకొని సామ్రాజ్యం తరఫున యుద్ధానికి వెళ్లినవారికి అలాంటి స్థానం లేదు. వారిని గౌరవించాలో, క్షమించాలో, మరచిపోవాలో తేల్చుకోలేక దేశం మౌనం వహించింది.

ఇల్లు మాత్రం అలా మౌనం వహించలేకపోయింది. గోడమీద యూనిఫారంలో ఉన్న ఫొటో, పెట్టెలో పతకం, పింఛను కాగితం, ఏటా పెట్టే తద్దినం ఆ మనిషిని ఇంట్లో సజీవంగానే ఉంచాయి. దేశం మరచినవాడిని ఇల్లు గుర్తుంచుకున్నప్పుడు ఆ జ్ఞాపకం ఏ రూపం తీసుకుంటుందన్నది ఆసక్తికరమైన ప్రశ్న. అంతకంటే ముఖ్యమైన ప్రశ్న మరొకటి ఉంది. ప్రేమతో రాసేవారికి తమవాడిని తమకు నచ్చినట్టు తీర్చిదిద్దే అధికారం సహజంగానే దక్కుతుంది. చనిపోయినవాడు వచ్చి కాదనలేడు. ఆ అధికారాన్ని రచయిత ఎలా వాడుకున్నారన్నదే స్మృతి రచనల విమర్శకు కేంద్రం కావలసి ఉంది.

2. శిల, దస్తావేజు, ఇల్లు

కుటుంబ రచనల ప్రత్యేకత తెలియాలంటే జ్ఞాపకం నిలిచిన మరి రెండు చోట్లను ముందుగా చూడాలి. మొదటిది స్మారక శిల. ఢిల్లీలోని ఇండియా గేట్ మీద 13 వేలకు పైగా పేర్లు చెక్కి ఉన్నాయి. అదే నగరంలోని తీన్‌మూర్తి స్మారకం హైదరాబాదు, మైసూరు, జోధ్‌పూర్ సంస్థానాల అశ్వికదళాల సేవకు గుర్తుగా నెలకొల్పినది. అక్కడి మూడు విగ్రహాలు మూడు సంస్థానాలకు ప్రతీకలు. ఒక చోట మనిషి లేని పేరు, మరొక చోట పేరు లేని మనిషి మిగిలారు.

రెండవది దస్తావేజు. మొదటి యుద్ధకాలంలో ఫ్రాన్సులోని భారతీయ సైనికుల ఉత్తరాలను సెన్సారు అధికారులు చదివి, వాటిలోని భాగాలను ఆంగ్లంలోకి అనువదించి నివేదికల్లో చేర్చారు. ఆ నివేదికలు నేటికీ ఉన్నాయి. మూల ఉత్తరాల్లో ఎక్కువ భాగం దొరకవు. చదువురాని సిపాయి చెప్పగా మరొకరు రాసిన మాట, సెన్సారు ఎంపికకు లోనై, పరాయి భాషలోకి మారి మనకు అందుతోంది. ఆ ఉత్తరం అందుకున్న తల్లి, భార్య, అన్న ఏమనుకున్నారో ఆ దస్తావేజు చెప్పదు. మాట మిగిలింది, విన్నవారు మిగలలేదు.

కుటుంబ రచనలో ఈ రెండు లోటులూ తీరే అవకాశం ఉంది. అక్కడ పేరుకు ముఖం ఉంటుంది, ఉత్తరానికి అందుకున్న చేయి ఉంటుంది. అయితే శిలకూ దస్తావేజుకూ లేని ప్రమాదం ఒకటి అక్కడ పొంచి ఉంటుంది. అది ఆత్మీయత వల్ల కలిగే సవరణ.

3. సవరించని ఉత్తరం: 'కల్యాణ్ ప్రదీప్'

కల్యాణ్ కుమార్ ముఖర్జీ కలకత్తాకు చెందిన వైద్యుడు. ఇండియన్ మెడికల్ సర్వీస్‌లో చేరి 1915లో మెసొపొటేమియా యుద్ధరంగానికి వెళ్లారు. జనరల్ టౌన్‌షెండ్ నాయకత్వంలోని సేన బాగ్దాదు వైపు సాగినప్పుడు ఆయన అందులో ఉన్నారు. సేన టెసిఫోన్ వద్ద దెబ్బతిని కూత్ పట్టణానికి వెనుదిరిగింది. 1915 డిసెంబరు నుంచి 1916 ఏప్రిల్ 29 వరకు సాగిన కూత్ ముట్టడి ఆకలితోనూ వ్యాధులతోనూ ముగిసింది. లొంగిపోయిన సుమారు 13 వేల మందిలో అత్యధికులు భారతీయులే. యుద్ధఖైదీగా పట్టుబడిన కల్యాణ్ 1917లో రాస్ అల్ అయిన్ శిబిరంలో మరణించారు.

ఆయన మరణించిన 11 సంవత్సరాలకు, తన 80వ ఏట, మోక్షదాదేవి మనుమడి జీవితాన్ని గ్రంథంగా వెలువరించారు. 1885లో కాంగ్రెస్ తొలి సభకు అధ్యక్షత వహించిన డబ్ల్యు.సి. బెనర్జీకి ఆమె సోదరి. 400 పుటలు దాటిన ఈ గ్రంథం జీవితచరిత్ర, కుటుంబచరిత్ర, యుద్ధచరిత్ర కలిసిన రచన. మనుమడు ఏ రోజు ఎక్కడ ఉన్నాడో చెప్పడానికి ఆమె దండయాత్ర క్రమాన్నంతా వివరించవలసి వచ్చింది. వంటింటికీ పూజగదికీ పరిమితమని లోకం భావించే వయసులో ఉన్న స్త్రీ, నదుల పేర్లు, సేనల కదలికలు, ముట్టడి వివరాలు నేర్చుకొని రాయడం వెనుక పాండిత్య ప్రదర్శన లేదు. తనవాడు ఎక్కడ పడిపోయాడో తెలుసుకోవాలన్న తపన ఉంది. గ్రంథ స్వరూపాన్ని ఆ తపనే నిర్ణయించింది.

గ్రంథానికి ప్రాణం కల్యాణ్ ఇంటికి రాసిన ఉత్తరాలు. వాటిలో 1915 అక్టోబరు నాటి ఉత్తరం ఒకటి ప్రత్యేకంగా గమనించదగినది. నాగరిక దేశాలు గొప్పగా చెప్పుకొనే దేశభక్తి ఇంత రక్తపాతానికి మూలమని, ఇతరుల నేలను లాక్కోవడమే దాని అసలు అర్థమని, ఆ పాఠం ఇంగ్లండే మనకు నేర్పిందని ఆయన అందులో వాదించారు. అంతటితో ఆగలేదు. స్వదేశంలో బాంబులు పట్టిన యువకులు కూడా అదే క్రూర పాఠాన్ని వల్లిస్తున్నారన్నారు.

ఈ ఉత్తరం రాసిన సమయం గమనించాలి. అప్పటికి కూత్ ముట్టడి లేదు, ఓటమి లేదు. సెప్టెంబరులో కూత్ వద్ద గెలిచిన సేన బాగ్దాదు మీద ఆశతో ముందుకు పోతోంది. కనుక ఇది పరాజయం నుంచి పుట్టిన నిస్పృహ అనడానికి వీల్లేదు. గెలుస్తున్న సేనలో ఉండి, గాయాలు కట్టే వైద్యుడు గెలుపు అర్థాన్నే ప్రశ్నించాడు.

ఉత్తరం అచ్చయిన సమయం కూడా అంతే ముఖ్యం. 1928 సైమన్ కమిషన్ బహిష్కరణ జరిగిన సంవత్సరం. సామ్రాజ్యానికి విధేయులైన పాఠకులకు ఈ ఉత్తరంలోని మొదటి సగం రుచించదు. బెంగాల్ విప్లవకారులను ఆరాధించే పాఠకులకు రెండవ సగం రుచించదు. మనుమడిని వీరుడిగా నిలబెట్టాలనుకుంటే ఏదో ఒక సగాన్ని తీసివేయడం తేలిక. మోక్షదాదేవి ఆ ఉత్తరాన్ని గ్రంథంలో నిలవనిచ్చారు. ఆమె దానితో ఏకీభవించారా లేదా అన్నది ఇక్కడ ముఖ్యం కాదు. తన శోకానికి అనుకూలంగా మనుమడి మాటను మార్చకపోవడమే ఈ గ్రంథానికి నైతిక బలం.

ఇదే ముట్టడిని అనుభవించిన శిశిర్ ప్రసాద్ సర్బాధికారి రాసిన 'అభి లే బాగ్దాద్' 1950ల చివర వెలువడింది. బెంగాల్ అంబులెన్స్ కోర్‌లో పనిచేసిన ఆయన స్వానుభవాన్ని స్వయంగా రాసుకోగలిగారు. తాను రాసినదాన్ని దిద్దుకొనే అవకాశం తిరిగి వచ్చినవాడికి ఉంటుంది. తిరిగి రానివాడి విషయంలో ఆ బాధ్యత పూర్తిగా ఇంటివారిపై పడుతుంది. ఈ రెండు గ్రంథాలను పక్కపక్కన ఉంచి చదివినప్పుడు మోక్షదాదేవి మోసిన బాధ్యత ఎంతటిదో స్పష్టమవుతుంది.

4. తండ్రికి అంకితం, రైతుబిడ్డకు కథ: 'అక్రాస్ ది బ్లాక్ వాటర్స్'

ముల్క్‌రాజ్ ఆనంద్ తండ్రి లాల్‌చంద్ ఆనంద్ డోగ్రా రెజిమెంటులో పనిచేశారు. పెషావరులో పుట్టి, తండ్రి ఉద్యోగం వెంట కంటోన్మెంట్లలో పెరిగిన ఆనంద్ 1937లో అంతర్యుద్ధం సాగుతున్న స్పెయిన్‌లో ఈ నవలను ఆరంభించి, 1939లో ఇంగ్లండ్‌లో తిరిగి రాశారు. నవల తండ్రి స్మృతికి అంకితమైంది. అయితే కథానాయకుడు తండ్రి కాదు. లాల్‌సింగ్ అనే పంజాబీ రైతు యువకుడు. భూస్వామి పాలైన కుటుంబపు నేలను సైనిక సేవకు బహుమానంగా తిరిగి పొందాలన్న ఆశతో, 1914లో మార్సెయిల్స్ ఓడరేవులో దిగి, ఫ్లాండర్స్ కందకాలకు చేరుకొని, చివరకు జర్మన్లకు బందీ అవుతాడు.

అంకితానికీ కథకూ మధ్య ఉన్న ఈ ఎడాన్ని ఎలా అర్థం చేసుకోవాలి? వలస సైన్యంలో చదువు వచ్చిన ఉద్యోగి స్థానం చిత్రమైనది. పైన తెల్ల అధికారి, కింద నిరక్షరాస్యుడైన సిపాయి, ఇద్దరి మధ్యా అతను. ఆ స్థానం నుంచి కథ చెబితే తండ్రి రాజభక్తిని సమర్థించడమో తప్పుపట్టడమో రచయితకు తప్పదు. ఆనంద్ ఆ చిక్కును దాటవేసి, తండ్రి పనిచేసిన సైన్యంలో అట్టడుగున ఉన్నవారివైపు దృష్టి మళ్లించారు. తండ్రికి సమర్పించిన నివాళి తండ్రి కంటే తక్కువ గుర్తింపు పొందినవారికి చెందింది. ఇది నవల ఔదార్యం. అదే సమయంలో ఒక నష్టం కూడా. కంటోన్మెంటు ఇంట్లో కొడుకు చూసిన మనిషి, అతని భయాలు, రాజీలు, గర్వం ఈ నవలలోకి రాలేదు. తండ్రి అంకితపుటలోనే ఉండిపోయారు.

నవలలో బంధుత్వం మరొక దారిలో ప్రవేశించింది. లాలూ తోటి సిపాయిలను ఊరివారిని పిలిచినట్టే వరస పెట్టి పిలుస్తాడు. కిర్పూ అతనికి చిన్నాన్న వరస, ధనూ తండ్రి వరస. ఆనంద్ ఆంగ్లంలో ఈ పిలుపులు 'అంకుల్', 'డాడీ' అని కనిపించి కొంత విచిత్రంగా ధ్వనిస్తాయి. ముక్కూమొహం తెలియనివారితోనూ మాటల్లో వరస కలుపుకొనే అలవాటున్న తెలుగు పాఠకుడికి వాటి బరువు వెంటనే తెలుస్తుంది. యుద్ధం లాలూను ఇంటినుంచి వేరు చేసింది. పరాయి నేలమీద అతను మాటతో మరొక ఇల్లు కట్టుకున్నాడు. ధనూ, కిర్పూ ఒకరి తర్వాత ఒకరు మరణించినప్పుడు కూలేది ఆ రెండవ ఇల్లు. వారిలో కిర్పూ మరణానికి శత్రువు తూటా కారణం కాదు, సొంత దళంలో జరిగిన అవమానం కారణం. సామ్రాజ్యం తన సిపాయిని ఎలా చంపుతుందో ఈ ఒక్క సంఘటన చాలినంతగా చెబుతుంది.

నవల వెలువడిన సందర్భం దాని అర్థాన్ని విస్తరించింది. 1939 సెప్టెంబరులో భారతీయ ప్రతినిధులను సంప్రదించకుండానే వైస్రాయి దేశాన్ని యుద్ధంలోకి దించారు. మరుసటి ఏడాది అచ్చయిన ఈ నవల పాత యుద్ధాన్ని గుర్తు చేస్తూనే కొత్తగా సైన్యంలో చేరుతున్నవారి ముందు ఒక హెచ్చరికగా నిలిచింది. దీని తర్వాతి నవల 'ది స్వోర్డ్ అండ్ ది సికిల్' (1942)లో లాలూ తిరిగి వస్తాడు. అతను ఆశించిన నేల మాత్రం దక్కదు.

5. అడగని ప్రశ్న: 'ఫార్దెస్ట్ ఫీల్డ్'

రఘు కర్నాడ్ రచన ఒక ఇంట్లోని ఫొటోలతో మొదలవుతుంది. చిన్ననాటి నుంచి చూస్తున్న ఆ ముఖాలు ఎవరివని అడగాలన్న ఆలోచన వచ్చేసరికి చెప్పగలిగినవారు వెళ్లిపోయారు. ఫొటోల్లోని ముగ్గురూ కోళికోడుకు చెందిన ఒక పార్సీ కుటుంబానికి చెందినవారు: ఇంటి కొడుకు బాబీ, ఇద్దరు అల్లుళ్లు గన్నీ, మానెక్. గన్నీ రచయితకు మాతామహుడు, కొడగుకు చెందిన వైద్యుడు. మానెక్ వైమానిక దళంలో పైలట్. బాబీ సైనిక ఇంజనీరు. 1942, 1944 మధ్య ముగ్గురూ మరణించారు. గన్నీ పోరులో కాక, వాయవ్య సరిహద్దులోని థాల్‌లో అనారోగ్యంతో మరణించారు.

మోక్షదాదేవికి ఉత్తరాలు ఉన్నాయి. ఆనంద్‌కు బాల్యానుభవం ఉంది. కర్నాడ్‌కు ఉన్నవి ఫొటోలు, కొన్ని పేర్లు, ఇంట్లో పేరుకున్న మౌనం. అందువల్ల ఆయన సైనిక దస్తావేజులను, ఆనాటి యుద్ధంలో పాల్గొన్న ఇతరుల మాటలను ఆధారం చేసుకొని, తమవారు ఏమి చూసి ఉంటారో, ఏమి అనుకొని ఉంటారో ఊహించి నవలాశైలిలో రాశారు. తాను ఊహతో పూరిస్తున్నానన్న సంగతిని పాఠకుడి నుంచి దాచలేదు.

ఈ పద్ధతిపై అభ్యంతరం సహజం. చనిపోయినవాడి మనసులోకి ప్రవేశించే హక్కు మనుమడికి ఎవరిచ్చారని అడగవచ్చు. అతని మాట మనకు తెలియనప్పుడు కల్పించిన మాట నేటి అభిరుచికి దగ్గరగా ఉండే ప్రమాదం ఉంది. 1915 నాటి కల్యాణ్ ఉత్తరం మనల్ని ఇబ్బంది పెట్టినట్టుగా ఊహించి రాసిన ఆలోచన ఇబ్బంది పెట్టదు. ఈ విమర్శలో బలం ఉంది. అయితే కర్నాడ్ రచనలో దీనికి విరుగుడు కూడా కనిపిస్తుంది. ఆయన ముగ్గురినీ వీరులుగా మలచలేదు. క్విట్ ఇండియా ఉద్యమం సాగుతున్న ఏళ్లలో దేశంలోని ఒక తరం జైళ్లకు వెళ్తుండగా, మరొక తరం యూనిఫారం ఎందుకు తొడిగిందన్న ప్రశ్నకు ఒకే సమాధానం ఇవ్వలేదు. ఉద్యోగం, స్నేహితుల ఒత్తిడి, సాహసం మీద మోజు, ఫాసిజం మీద వ్యతిరేకత కలగలిసిన కారణాలను కలగలిసినట్టే ఉంచారు. ఇంటి మౌనాన్ని కూడా ఆయన నింద చేయలేదు. స్వతంత్ర భారతంలో చెప్పుకోవడానికి భాష దొరకని దుఃఖంగా దాన్ని చూపించారు.

6. తులనాత్మక పరిశీలన

మూడు రచనల మధ్య కాలదూరం గమనార్హం. మోక్షదాదేవి మనుమడు పోయిన 11 ఏళ్లకు రాశారు. ఆనంద్ నవల తన కథాకాలానికి పాతికేళ్ల తర్వాత వచ్చింది. కర్నాడ్ ఏడు దశాబ్దాల తర్వాత రాశారు. దూరం పెరిగేకొద్దీ ఆధారం తగ్గి కల్పన పెరిగింది. ఇది ఊహించదగిన విషయమే. దూరం పెరిగినకొద్దీ ప్రశ్నించే ధైర్యం పెరిగిందనుకోవడం మాత్రం పొరపాటు. ముగ్గురిలో అత్యంత దగ్గరగా ఉన్న వృద్ధురాలి గ్రంథంలోనే సామ్రాజ్యంపై అత్యంత తీవ్రమైన ప్రశ్న ఉంది. ఆ ప్రశ్న ఆమెది కాదు, చనిపోయినవాడిది. ఆమె చేసినది దాన్ని కాపాడటం.

మూడింటికీ ఉమ్మడిగా ఒక పరిమితి ఉంది. కల్యాణ్, గన్నీ వైద్యులు. మానెక్ పైలట్, బాబీ ఇంజనీరు. ఉత్తరాలు రాయగల, ఫొటో తీయించుకోగల, గ్రంథం అచ్చువేయించగల కుటుంబాల వారే పేరుతో నిలిచారు. కూత్‌లో ఆకలితో మరణించిన సిపాయిలు, సామాను మోసిన కూలీలు, వంటవారు, పశువులను చూసుకొన్నవారు ఈ గ్రంథాల్లో నేపథ్యంగా మాత్రమే కనిపిస్తారు. వారి తరఫున మాట్లాడటానికి ఆనంద్ కల్పనను ఆశ్రయించవలసి వచ్చింది. అంటే పై వర్గాల సైనికుడికి స్మృతి గ్రంథం, కింది వర్గాల సైనికుడికి నవల దక్కాయి. ఏ ఇంటికి పెట్టె ఉందన్నది ఎవరికి జ్ఞాపకం ఉంటుందన్నదాన్ని నిర్ణయించింది.

జ్ఞాపకాన్ని మోసినవారిలో స్త్రీల పాత్ర కూడా ప్రస్తావించాలి. మోక్షదాదేవి స్వయంగా రాశారు. కర్నాడ్ కథలో ముగ్గురిని పోగొట్టుకొని దశాబ్దాలు బతికినవారు స్త్రీలే. వారు రాయలేదు, ఫొటోలను మాత్రం తీసివేయలేదు. రాయడాన్ని మాత్రమే స్మృతిగా పరిగణించే విమర్శ ఈ రెండవ రకం కాపలాను గుర్తించలేదు.

7. తెలుగు నేలకు సంబంధించి

తెలుగు ప్రాంతాలకు ఈ చర్చ దూరమైనది కాదు. పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం ప్రాంతంలోని మాధవరం మొదటి ప్రపంచ యుద్ధకాలం నుంచి తరతరాలుగా సైన్యానికి మనుషులను పంపి 'మిలిటరీ మాధవరం'గా పేరు పొందింది. హైదరాబాదు లాన్సర్లు పశ్చిమాసియా యుద్ధరంగంలో పనిచేశారు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడలపై జపాన్ విమానాలు బాంబులు వేయడంతో తీరాంధ్రకు యుద్ధం నేరుగా తెలిసింది.

ఇలాంటి ఊళ్లలో, ఇళ్లలో ఉన్న సామగ్రిని సేకరించే పరిశోధకుడికి పై మూడు రచనలు పద్ధతిని సూచిస్తాయి. మోక్షదాదేవి నుంచి నేర్చుకోవలసింది మార్చకపోవడం. సైనికుడు డబ్బు కోసం వెళ్లానని చెబితే దాన్ని దేశసేవగా దిద్దకూడదు. దొరను మెచ్చుకుంటే దాన్ని తొలగించకూడదు. ఆనంద్ నుంచి గ్రహించవలసింది ర్యాంకు లేనివారి వైపు చూడటం. సుబేదారు ఇంటితోపాటు వంటవాడి ఇంటికీ, బండితోలినవాడి ఇంటికీ వెళ్లాలి. కర్నాడ్ నుంచి తెలిసేది ఆలస్యం ఖరీదు. అడగడానికి మనిషి ఉన్నప్పుడు అడగకపోతే తర్వాత మిగిలేది ఊహ మాత్రమే.

8. ముగింపు

పై పరిశీలన ద్వారా కింది అంశాలు స్పష్టమవుతున్నాయి.

యుద్ధంలో పనిచేసిన ఇంటివారిని గురించిన రచనల విలువను వాటిలోని ఆత్మీయత ఒక్కటే నిర్ణయించదు. తనకు రుచించని మాటను ఆ ఆత్మీయత ఎంతవరకు నిలవనిచ్చిందన్నది అంతకంటే నమ్మదగిన కొలమానం.

ఆధారం ఉన్నచోట దాన్ని యథాతథంగా నిలపడం, లేనిచోట కల్పనను కల్పనగా చెప్పడం స్మృతి రచయిత కనీస ధర్మాలు. 'కల్యాణ్ ప్రదీప్' మొదటి ధర్మానికి, 'ఫార్దెస్ట్ ఫీల్డ్' రెండవ ధర్మానికి ఉదాహరణలు. 'అక్రాస్ ది బ్లాక్ వాటర్స్' స్మృతిని రక్తబంధువు నుంచి తోటి సిపాయి వరకు విస్తరించింది, ఆ క్రమంలో తండ్రిని కథలోకి తేలేదు.

వలస సైన్యంలో పనిచేసినవారిని ద్రోహులుగానో వీరులుగానో తేల్చే అవసరం సాహిత్యానికి లేదు. కల్యాణ్ ఉత్తరం ఆ రెండు పేర్లకూ లొంగదు. సామ్రాజ్యపు యూనిఫారంలో ఉండి సామ్రాజ్యాన్ని విమర్శించిన ఆ వైద్యుడి స్వరం నేడు మనకు వినిపిస్తోందంటే, 80 ఏళ్ల వయసులో ఒక స్త్రీ దాన్ని ఉన్నదున్నట్టు అచ్చుకు ఇవ్వడం వల్లనే. తెలుగు ఇళ్లలోని పెట్టెలు తెరిచేవారికి కూడా ఆ సంయమనమే మొదటి అవసరం.